కావేరి గట్టున ఆ పందిరి

పుష్య బహుళ పంచమి నాడు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగేది. తెనాలిలో మా నాన్న తెలుగు పంతులు. సంగీతం నేర్చుకోలేదు గానీ, రేడియోలో మంచి పాట వస్తుంటే ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు కూడా చేయకూడదనేవారు. ఆ పంచమి త్యాగయ్య పోయిన తిథి, ఆయన ఆరాధన రోజు. పొద్దున తమిళనాడులో ఆయన సమాధి ఉన్న తిరువయ్యారు నుంచి పంచరత్నాలు, అంటే ఆయన ఐదు పెద్ద కీర్తనలు, ప్రత్యక్ష ప్రసారం వచ్చేవి. నాయనమ్మ తలస్నానం చేసి వచ్చి, రేడియో ఉన్న బల్ల మీదే రాముడి పటం పెట్టి రెండు చామంతులు ఉంచేది. అమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చునేది. వందలమంది ఒక్కసారిగా "జగదానందకారక" ఎత్తుకునేసరికి ఆ చిన్న పెట్టె అదిరిపోయేది. మధ్యలో గరగర, గాలి హోరు, ఎవరో దగ్గిన చప్పుడు. ఆ దగ్గు వినబడగానే నాన్న, "విన్నావా? అది కావేరి గట్టు. అక్కడ నిజంగా మనుషులు కూర్చుని పాడుతున్నారు" అనేవారు.

అలా చాలా ఏళ్ళు ఆ చోటు నాకు చెవుల్లోనే ఉంది. దాన్ని కళ్ళకు కట్టించింది మా నాయనమ్మ. ఆవిడ తెనాలి, గుంటూరు, తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా తిరువయ్యారు వీధులన్నీ తిరిగొచ్చినట్టే చెప్పేది.

ఆవిడ కథల్లో మొదటిది విగ్రహాలది. తంజావూరు రాజు శరభోజి సభకు రమ్మని కానుకలు పంపితే త్యాగయ్య "నిధి చాల సుఖమా" అని పాడి తిప్పి పంపాడు. వచ్చిన సంపద కాలదన్నాడని అన్న జల్పేశుడికి ఒళ్ళు మండి, తమ్ముడు పూజ చేసుకునే రాముడి విగ్రహాలను రాత్రికి రాత్రి తీసుకెళ్ళి కావేరిలో పారేశాడు. త్యాగయ్య పిచ్చివాడిలా వెతుక్కుంటూ "నేనెందు వెదకుదురా" అని ఏడ్చాడు. చివరికి రాముడే కలలో కనబడి చోటు చెబితే, ఇసుక తవ్వి తీసి, "కనుగొంటిని" అని పాడుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక్కడికి వచ్చేసరికి నాయనమ్మ గొంతు పూడుకుపోయేది. ప్రతిసారీ.

రెండోది నారదుడి కథ. ఒక ముసలి సన్యాసి ఇంటికొచ్చి, ఏట్లో స్నానం చేసి వస్తాను, ఈ పుస్తకాలు చూస్తుండమని ఇచ్చి వెళ్ళి మళ్ళీ రాలేదు. రాత్రి కలలో కనబడి, నేను నారదుణ్ణి, అది స్వరార్ణవమనే సంగీత గ్రంథం, నీకే ఇచ్చాను అన్నాడట. మూడోది రామకోటి. తొంభై ఆరు కోట్ల రామనామం, రోజుకు లక్షా పాతికవేల చొప్పున ఇరవై ఒక్క ఏళ్ళు. నాన్న ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూసి, "సరిపోయిందే!" అని ఆశ్చర్యపోయారు. నాయనమ్మ మాత్రం, "లెక్క తప్పితే కథ ఎందుకు నిలుస్తుందిరా" అంది.

వయసు వచ్చాక ఈ కథల మీద నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. జల్పేశుడి మీద నాకు జాలి. తిరుమంజన వీధిలో ఇల్లు రెండు వాటాలుగా పంచుకున్నారని చెబుతారు. అన్నదమ్ములు వాటాలు పంచుకోవడం ఏ ఊళ్ళో లేదు? ఒక్క మనిషి మహాత్ముడయ్యేసరికి పక్కవాడు దుర్మార్గుడి పాత్ర మోయాల్సి వచ్చింది. నారదుడి కథ మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు. శంకరాభరణంలో "స్వర రాగ సుధారస" కృతిలో స్వరార్ణవం పేరు త్యాగయ్యే స్వయంగా ఎత్తాడు. నారదుడి మీద కృతులున్నాయి. ఆఖరి రోజుల కథా అంతే. సహానలో "గిరిపై", మనోహరిలో "పరితాపము" పాడి చూసుకుంటే, ఇంకో పది పూటల్లో తనను చేర్చుకుంటానని రాముడు గడువు చెప్పాడన్న మాట రెండింట్లోనూ ఉంది. పాటలో ఆయన అన్న ఒక మాట పట్టుకుని జనం కథ అల్లుకున్నారు. పాట వినబడినంత దూరం ఆ కథా వెళ్ళింది. మా తెనాలి దాకా వచ్చింది.

నాకు పదేళ్ళు దాటాక నాన్న సంగీతం మాస్టారి దగ్గర చేర్పించారు. పంచరత్నాల దాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. ఐదు కీర్తనలు, ఐదు రాగాలు. నాట అయింది, గౌళ అయింది, ఆరభి అయింది. తరవాత వరాళి. ఆ రోజు మాస్టారు శ్రుతిపెట్టె ముందు కూర్చుని, "ఇది నేను నీకు చెప్పనమ్మా" అన్నారు. వరాళి గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి చెబితే ఇద్దరికీ మధ్య తగువు వస్తుందని, విడిపోతారని పాతకాలం నుంచి ఒక నమ్మకం. మరి ఎలాగండీ అంటే, "రేపు సాయంత్రం నేను పెరట్లో నాకోసం పాడుకుంటాను. నువ్వు వసారాలో కూర్చో. నీ చెవిన పడింది నీది" అన్నారు.

అలాగే చేశాం. ఆయన పెరట్లో బావి గట్టు మీద కూర్చుని "కనకన రుచిరా" పాడుకునేవారు. నేను గోడకు ఇవతల నోటు పుస్తకం పెట్టుకుని రాసుకునేదాన్ని. ఎక్కడైనా నాకు అందలేదని ఎలా తెలిసేదో గానీ, ఆ సంగతి దగ్గర, అంటే పాదాన్ని కొత్త మలుపుతో పాడే చోట, ఆగి రెండు మూడుసార్లు తిప్పి తిప్పి పాడేవారు. నమ్మకమూ నిలిచింది, పాఠమూ అయింది. నేను నేర్చుకున్న కృతులన్నింట్లో ఇప్పటికీ తప్పు లేకుండా పాడగలిగేది అదే. "నాలాంటి వాళ్ళు చాలామంది వరాళి తిరువయ్యారులోనే పట్టుకున్నారమ్మా, అక్కడ అందరూ కలిసి పాడేస్తారుగా, ఎవరు ఎవరికి చెప్పినట్టు?" అనేవారు మాస్టారు.

ఆ మాటతో నాకు అక్కడికి వెళ్ళాలన్న కోరిక మొదలైంది. అది తీరింది పెళ్ళయి, పిల్లలు స్కూలుకెళ్ళే వయసు వచ్చాక.

తంజావూరులో రైలు దిగి బస్సెక్కితే 13 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో ఐదు వంతెనలు దాటతాం. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, ఆఖరుకు కావేరి. ఐదు నదుల ఊరు కాబట్టే పంచనదం. త్యాగయ్య తన పాటల్లో ఆ పేరే వాడుకున్నాడు. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒక్కొక్క వంతెన రాగానే కిటికీలోంచి నమస్కారం పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. ఆ సంవత్సరం పంచమి జనవరి మొదట్లోనే పడింది. మెట్టూరు ఆనకట్ట నీళ్ళు ఆనవాయితీగా జూన్ 12న వదిలి జనవరి 28న ఆపేస్తారు. అందుకని పంచమి త్వరగా వచ్చిన ఏడాది ఏట్లో నీళ్ళుంటాయి, ఆలస్యమైన ఏడాది ఇసుక తేలుతుంది. నేను చూసినప్పుడు మెట్ల దాకా నీళ్ళు. "సారి వెడలిన ఈ కావేరిని" అని అసావేరిలో ఆయన పాడింది ఈ నీళ్ళనే కదా అనుకుంటూ కాళ్ళు తడుపుకున్నాను.

ఊళ్ళో అయ్యారప్పర్ గుడి చాలా పెద్దది. బయటి ప్రాకారంలో ఒక చోట నిలబడి స్వామిని గట్టిగా పిలిస్తే ఏడుసార్లు ప్రతిధ్వని వస్తుందని అక్కడివాళ్ళు చూపిస్తారు. పిల్లలు పిలిచి చూస్తున్నారు. నేనూ పిలిచాను. నాకు ఎన్నిసార్లు వినబడిందన్నది పక్కన పెడితే, స్వరానికి పుట్టిల్లు లాంటి ఊళ్ళో గోడలు కూడా బదులు పలుకుతాయని జనం అనుకోవడం నాకు నచ్చింది. బజారులో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా ఆకులో పెట్టి ఇచ్చారు. నెయ్యి వేళ్ళ మధ్యనుంచి కారుతుంది. అది తినకుండా ఆ ఊరి నుంచి రావడం ఉండదు.

ఇక పందిరి. నేను ఊహించుకున్న సభాభవనం లాంటిదేదీ అక్కడ లేదు. ఏటి గట్టున తాటాకు, కొబ్బరాకు పందిరి, కింద ఇసుక, దాని మీద పరిచిన జంపఖానాలు. ఒక వైపు సమాధి మందిరం. రెండు వేదికలు పక్కపక్కనే. ఒకదాని మీద పాడుతుంటే రెండో దాని మీద ఇంకొకరు శ్రుతి చేసుకుంటూ ఉంటారు, పాట తెగదు. ఎంత పేరున్న విద్వాంసుడికైనా అక్కడ దొరికేది కొద్ది నిమిషాలే. పారితోషికం లేదు. టిక్కెట్టు లేదు. నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల పాడి దిగిపోతే, ఆ వెంటనే మనం క్యాసెట్లలో విని పెరిగిన మనిషి ఎక్కి ఒక కృతి పాడి, సమాధి వైపు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. డబ్బు పెట్టి మొదటి వరస కొనుక్కునే సభలు నేను తరవాత చాలా చూశాను. ఇక్కడ మొదటి వరస ముందొచ్చి కూర్చున్నవాళ్ళది.

పంచమి నాడు చీకటితోనే తిరుమంజన వీధిలోని త్యాగయ్య ఇంటి నుంచి, పాడుతూ భిక్ష అడిగే ఉంఛవృత్తి భజన బయల్దేరింది. నాదస్వరం ముందు, వెనక జనం. మందిరంలో పూజ మొదలైంది. పందిట్లో గాయకులు ఎదురెదురు వరసల్లో కూర్చున్నారు. ముందు వేణువుల మీద "చేతులార" వాయించారు. అది ఆగిన మరుక్షణం నాట.

రేడియోలో ఆ హోరు వినడం వేరు, అందులో కూర్చోవడం వేరు. నా గొంతు నాకు వినబడలేదు. పాడుతున్నానో లేదో కూడా తెలియలేదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఐదింట్లో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. నా చుట్టూ ఉన్నవాళ్ళలో తొంభై పాళ్ళు తమిళులు. నా పక్కనున్న పెద్దావిడ చేతిలో అట్ట ఊడిపోయిన పుస్తకం. అందులో తెలుగు సాహిత్యం అంతా తమిళ లిపిలో చేత్తో రాసుకుని ఉంది. చరణం మారినప్పుడల్లా వేలితో నాకు చూపించేది. "ఎందరో మహానుభావులు" దగ్గరకొచ్చేసరికి పుస్తకం మూసేసింది. కళ్ళు కూడా.

అయిపోయాక నన్ను చూసి, "ఏమ్మా, ఆంధ్రా నుంచి వచ్చినావా?" అంది కొంచెం యాసగా. వాళ్ళింట్లో ముందు తరాల నుంచి తెలుగు మాట్లాడుకుంటారట. చదవడం రాయడం రాదట. "మా అమ్మ పాడింది, అందుకని నేను పాడతాను" అంది. తమిళులు మన మాటలు తప్పుగా పలుకుతారని మనవాళ్ళు అంటుంటే చాలాసార్లు విన్నాను. ఆ పుస్తకం చూశాక ఆ మాట నా నోటి వెంట రాలేదు, ఎవరైనా అంటే వినలేను కూడా. త్యాగయ్య కీర్తనలను వాలాజాపేట శిష్యులు రాసిపెట్టారు, ఉమయాళ్పురం వాళ్ళు, తిల్లైస్థానం వాళ్ళు గొంతులో దాచిపెట్టారు. ఆ నేల మీద అవి బతికాయి కాబట్టే మనకు మిగిలాయి. మన వైపుకు వచ్చిన దారి కూడా అక్కడి నుంచే. త్యాగయ్య శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు బాలమురళీకృష్ణ. బాలమురళి చిన్న పిల్లాడిగా విజయవాడలో తొలి కచేరీ చేసింది పంతులుగారి త్యాగరాజ ఆరాధనలోనే.

జనం కాస్త పల్చబడ్డాక మందిరం చుట్టూ తిరిగాను. అప్పుడు చూశాను, సమాధికి ఎదురుగా ఇంకొక చిన్న సమాధి. అక్కడ కూర్చున్న ఆడమనిషి విగ్రహం, రెండు చేతులూ జోడించి త్యాగయ్య వైపే చూస్తోంది. ఎవరని అడిగితే ఆ పెద్దావిడ ఆశ్చర్యపోయింది. "నాగరత్నమ్మ కదా! ఆవిడ లేకపోతే ఇది ఏదమ్మా?"

నాయనమ్మ చెప్పిన కథల్లో ఈవిడ లేదు. రేడియో వ్యాఖ్యానంలో పేరు వచ్చే ఉంటుంది, నా చెవిన నిలవలేదు. తరవాత దొరికినవన్నీ చదివాను, పెద్దలను అడిగాను. చదివేకొద్దీ ఆ పందిరి గురించి నేను అనుకున్నదంతా మారిపోయింది.

త్యాగయ్య 1847 జనవరి 6న పోయారు. అంతకు కొద్దిరోజుల ముందే సన్యాసం పుచ్చుకున్నారు కాబట్టి దహనం చేయకుండా ఏటి గట్టున సమాధి చేశారు. కూతురి కొడుకు ఒక్కడే వారసుడు, అతనికి పిల్లలు లేరు. శిష్యులు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళి, అక్కడే తిథి జరుపుకున్నారు. సమాధిని చూసే దిక్కు లేక తుప్పలు పెరిగాయి. మనమంతా అనాదిగా వస్తోందనుకునే ఉత్సవం ఆ యాభై ఏళ్ళకు పైగా ఆ గట్టున లేనే లేదు. 1903లో ముసలివాళ్ళయిపోయిన ఇద్దరు శిష్యులు, ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్, గురువుగారి చోటు చూసుకుందామని వచ్చి, ఆ స్థితి చూసి తట్టుకోలేక బాగుచేయించారు. తల నెరిసిన ఆ ఇద్దరూ తుప్పల్లో గురువు రాయి కోసం వెతుక్కుంటూ తిరిగిన దృశ్యం తలుచుకుంటే, విగ్రహాల కోసం ఇసుక తవ్విన త్యాగయ్య కథ ఇంకోసారి జరిగినట్టు అనిపిస్తుంది నాకు.

ఆ తరవాత తిల్లైస్థానం నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అనే అన్నదమ్ములు ఆరాధన బాధ్యత తీసుకున్నారు. కొద్ది కాలానికే చీలిక వచ్చింది. పెరియ కట్చి, చిన్న కట్చి. అంటే పెద్ద వర్గం, చిన్న వర్గం. చిన్న వర్గం వాళ్ళు పంచమికి ముందు ఐదు రోజులు జరిపి పంచమితో ముగించేవారు, పెద్ద వర్గం వాళ్ళు పంచమి నాడు మొదలుపెట్టేవారు. చిన్న వర్గానికి తరవాత వయొలిన్ విద్వాంసుడు మలైక్కోట్టై గోవిందసామి పిళ్ళై అండగా నిలిచారు. ఇరువైపులా మహా విద్వాంసులే, ఇరువైపులా అన్నదానాలే. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఆడవాళ్ళు ఆ సన్నిధిలో పాడకూడదు.

అప్పట్లో సభల్లో పాడే ఆడవాళ్ళంటే దేవదాసీలే. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కులంలో పుట్టింది, 1878లో, మైసూరు సీమ నంజనగూడు దగ్గర. కన్నడం, తెలుగు, సంస్కృతం మూడూ వచ్చు. మద్రాసులో పేరూ ధనమూ గడించింది. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము" పాత ప్రతిలో పద్యాలు ఎగరగొట్టారని కనిపెట్టి, మొత్తం సరిచేసి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. అశ్లీలమని మరుసటి ఏడే పోలీసులు ప్రతులు పట్టుకెళ్ళారు. ఆ నిషేధం పోయింది 1947లో, ప్రకాశం పంతులుగారి పూనికతో.

త్యాగయ్య సమాధి పాడుపడి ఉందని ఆవిడకు మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప ఉత్తరం రాశారట. త్యాగయ్యే కలలో కనబడ్డాడని కూడా అంటారు. ఉత్తరమో, కలో. 1921లో ఆవిడ ఆ స్థలం కొని, పట్టా రాయించుకుని, శంకుస్థాపన చేసింది. నగలు అమ్మింది. దాచుకున్నదంతా పెట్టింది. మద్రాసులో మేడల్లో బతికిన మనిషి ఏటి గట్టున రాళ్ళు మోసేవాళ్ళ పక్కన నిలబడి గుడి కట్టించుకుంది. 1926 మొదట్లో విగ్రహ ప్రతిష్ఠ అయింది. స్థలం ఆవిడది, గుడి ఆవిడది. అయినా రెండు వర్గాలూ ఆవిడను అందులో పాడనివ్వలేదు. హరికథ చెప్పనివ్వలేదు.

ఆవిడ కోపంతో గుడికి తాళం వేసి వెళ్ళిపోలేదు. సమాధి వెనకాల కూర్చుని పాడింది. తనలాంటి ఆడవాళ్ళను కూడగట్టి మూడో బృందం పెట్టింది. పెణ్గళ్ కట్చి, ఆడవాళ్ళ వర్గం. అధికారులకు అర్జీలు పెట్టింది. ముందు రెండు వర్గాల పాట, వెనక వీళ్ళ పాట, అలా ఏళ్ళు గడిచాయి. 1940ల మొదట్లో ముసిరి సుబ్రమణ్య అయ్యర్, ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి లాంటివాళ్ళు పూనుకుని మూడు వర్గాలనూ కలిపారు. ఆడా మగా ఒకే పందిట్లో కూర్చున్నారు. అందరూ కలిసి పంచరత్నాలు పాడటం అప్పటి నుంచీ స్థిరపడింది.

మా ఇంట్లో నాన్నతో సహా అందరూ ఆ బృందగానం త్యాగయ్య కాలం నుంచే ఉందనుకున్నాం. నాట నుంచి శ్రీరాగం దాకా ఆ హోరు వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. తిరిగొచ్చాక నాన్నకు ఇదంతా చెప్పాను. మొదట నమ్మలేదు. "ఎవరు చెప్పారు నీకు?" అని గట్టిగానే అడిగారు. నాగరత్నమ్మ పేరు ఎత్తగానే ఆగిపోయి, "రాధికాసాంత్వనం అచ్చు వేయించిన నాగరత్నమ్మా? ఆవిడేనా ఈవిడ?" అన్నారు. ఆయనకు ఆ పుస్తకం కథ మొత్తం తెలుసు, నిషేధం సంగతి క్లాసులో చెప్పేవారట. ఆ మనిషే ఈ మనిషని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. సాహిత్యం పుస్తకంలో ఒకసారి, సంగీతం పుస్తకంలో ఒకసారి వేరువేరుగా చదివిన పేరు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పద్యాలు కోసేస్తే అతికించింది, పాట ఆపేస్తే పాడించింది" అన్నారు. ఆయన తెలుగు పంతులు కదా, మాట అలా వచ్చేది.

నాగరత్నమ్మ చివరి ఏళ్ళు తిరువయ్యారులోనే ఉండిపోయి 1952 మే నెలలో కన్నుమూసింది. ఆస్తి ఆ సమాధి సేవకే ట్రస్టుగా రాసిచ్చింది. రేడియో పెట్టెలోంచి మా ఇంటికి వచ్చిన ఆ వందల గొంతుల్లో సగం ఆడగొంతులు. మా అమ్మ గుమ్మానికి ఆనుకుని వాళ్ళతో పాటు సన్నగా పాడుకునేది. ఆ గొంతులు అక్కడ ఉండటానికి వెనకాల ఇంత జరిగిందని ఆవిడకు చెప్పేలోపే ఆవిడ వెళ్ళిపోయింది. చెప్పి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "మరి ముందే ఎందుకు చెప్పలేదే మీ నాయనమ్మ" అనేది.

నాయనమ్మ కథల మీద నాకు ప్రేమ తగ్గలేదు. షట్కాల గోవింద మారార్ కేరళ నుంచి వచ్చి ఒకే పాటను ఆరు కాలాల్లో పాడితే త్యాగయ్య ముచ్చటపడి "ఎందరో మహానుభావులు" పాడించాడన్న కథ ఉంది. నాకు అది ఎంతో ఇష్టం. ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెబుతాను. కాకపోతే నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలకు పంచరత్నాలు మొదలుపెట్టేముందు నేను చెప్పేది నాగరత్నమ్మ కథ. దాంట్లో దేవుడు కలలోకి వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు. సేల్ డీడు మాత్రం ఉంది, అర్జీలున్నాయి, రాయి మీద రాయి పెట్టి కట్టిన గోడ ఉంది. వీలైనప్పుడల్లా తిరువయ్యారు వెళుతూనే ఉన్నాను. వెళ్ళినప్పుడు రెండు దండలు కొంటాను.

మా అక్క మనవరాలు అమెరికాలో పుట్టింది. అక్కడ క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ప్రతి ఏటా త్యాగరాజ ఆరాధన చేస్తున్నారు, అందులో పాడుతుంది. పందిరి లేదు, ఇసుక లేదు, హాల్లో పాడతారట. పోయిన నెల ఫోన్ చేసి, వచ్చే పంచమికి తిరువయ్యారు తీసుకెళ్ళమని అడిగింది. పంచరత్నాలు ఎంతవరకు వచ్చాయే అన్నాను. వరాళి సగం అయిందట. చెన్నైలో ఉన్న వాళ్ళ టీచరుగారు వీడియో కాల్‌లో ఎదురుగా కూర్చోబెట్టి నేర్పుతున్నారట.

"మరి గొడవేమీ రాలేదా?" అన్నాను.

"ఎందుకు వస్తుంది అమ్మమ్మా?" అంది. మా మాస్టారి బావి గట్టు కథ చెబితే పడీపడీ నవ్వి, ఆ చరణం ఒకసారి పాడి వినిపించమంది. ఫోన్లోనే పాడాను. రెండో సంగతి దగ్గర తను రాసుకోవడం కోసం ఆగి, మళ్ళీ మళ్ళీ పాడాను.